రెండో కోటింగు

రిమస్‌కి ఇల్లు దొరికింది జనవరిలో. అంతకుముందు నాలుగేళ్ళూ నార్వేలోని లార్విక్ రేవు పక్కన కంపెనీ రేకుల గదుల్లో, ఏడుగురు మగాళ్ళ గురకల మధ్య, తడి సాక్సుల కంపు మధ్య పడి ఉన్నాడు. లిథువేనియాలో పెళ్ళాం యోలిత, పదేళ్ళ కూతురు ఉగ్నె. వాళ్ళని ఆగస్టులో తెచ్చుకోవాలి. పిల్లకి ఇక్కడి బడిలో సీటు కావాలంటే ఇక్కడ అడ్రసు ఉండాలి, రేకుల గది అడ్రసు కిందకి రాదు. అందుకే ఈ రెండు గదుల ఇల్లు. మూడంతస్తుల పాత మేడ, వెనకాల నాలుగు భూర్జ చెట్లు, ఒక సైకిళ్ళ షెడ్డు, పొడుగాటి చెక్క కంచె.

ఇల్లు సిగ్వే అనేవాడిది. వాడు సముద్రంలో చమురు బావి మీద పనిచేస్తూ ఎక్కడో పడమటి తీరాన ఉంటాడు. ఇల్లు వాడిదే అయినా అద్దెకిచ్చే పెత్తనం మాత్రం మేడలో కాపురముండే వాళ్ళ సంఘానిది. సంఘం ఆర్నెల్లకి ఒప్పుకుంది. జూన్‌తో ఆ గడువు తీరిపోతుంది. ఆ తర్వాత ఇంకో ఏడాది ఉండనిస్తారా లేదా అన్నది మే నెలాఖరు సమావేశంలో తేలాలి.

రిమస్ మెట్ల మీద సంఘం పెద్ద ఓద్వార్‌ని పట్టుకుని అడిగాడు. ఓద్వార్ రిటైరైన స్కూలు మాస్టారు. పొడుగ్గా, కాస్త వంగి, ఎప్పుడూ అదే నీలం స్వెట్టర్‌లో కనిపిస్తాడు.

"చూద్దాంలే" అన్నాడు ఓద్వార్.

"మా పిల్ల బడి సంగతి..."

"అర్థమైంది. చూద్దాం. వచ్చే శనివారం దుగ్నాద్ ఉంది కదా, వస్తావుగా? అందరూ నిన్ను చూసినట్టూ ఉంటుంది."

చూద్దాం అంటే అవునూ కాదు, కాదూ కాదు. ఈ దేశంలో 'కుదరదు' అనే మాటకి పెద్దమనుషులు తొడిగే చొక్కా అది. పైగా మేడలో అతని ఖాతాలో ఇప్పటికే కొన్ని నేరాలు ఉన్నాయి. ఉగ్నె మంచానికి పైన ఒక అలమర బిగిద్దామని ఆదివారం పూట డ్రిల్లు ఆన్ చేశాడు. ఆదివారం ఇక్కడ మేకు కొడితే మనిషిని కొట్టినట్టే. కింద ఇంట్లోంచి గూద్రున్ అనే ముసలావిడ కర్రతో పైకప్పు పొడిచింది. ఇంకోసారి ఖాళీ సీసాలు కాగితాల తొట్టిలో పడేశాడు. ఎవరూ నోరెత్తి ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ఆ సీసాలన్నీ కడిగి, వరసగా అతని గుమ్మం ముందు పెట్టి ఉన్నాయి. తిట్టినా బాగుండేది అనుకున్నాడు.

దుగ్నాద్ అంటే మేడవాళ్ళంతా ఒకరోజు కలిసి, జీతం లేకుండా చేసుకునే పని. ఆ సంగతి పనిలో గింతారస్‌తో చెప్పాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, షౌలే. ఇద్దరూ ఒకే కంపెనీలో పెయింటర్లు. వ్యాన్‌లో కూర్చుని రొట్టెముక్కలు తింటున్నారు. గింతారస్ పకపకా నవ్వాడు.

"ఒరేయ్, మన చిన్నప్పటి సోవియట్ శనివారం చాకిరీయేగా ఇది! ఎర్రజెండా పట్టించి, చేతికి చీపురిచ్చి, పార్కులోకి తోలేవాళ్ళు, గుర్తుందా? స్వచ్ఛందం అనేవాళ్ళు. రాకపోతే పేరు రాసుకునేవాళ్ళు."

"ఇది అది కాదనుకుంటా."

"ఏది కాదు? జీతం లేదు, శనివారం, రాకపోతే మొహం మాడ్చుకుంటారు. పేరు మార్చినంత మాత్రాన చాకిరీ కాకుండా పోతుందా? అప్పట్లో ఎవడు నెగ్గేవాడు చెప్పు. ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి పని అంతా పూర్తి చేసి నిలబడ్డవాడు. మా నాన్న అలాగే చేసి ఫ్లాటు కొట్టాడు, తెలుసా? ముందురోజు రాత్రే ఫ్యాక్టరీ గోడకి సున్నం కొట్టించాడు."

"నీ బాబు ఫ్లాటు కథ నేను వందసార్లు విన్నాన్రా."

"విన్నావు, బుర్రకెక్కలేదు. వీళ్ళు నిన్ను పరీక్ష పెడుతున్నారు గురూ. ఏం పని అన్నారు?"

"కంచెకీ షెడ్డుకీ రంగు."

గింతారస్ రొట్టె పక్కన పెట్టి అతని మొహంలోకి చూశాడు. "రంగా? పెయింటర్‌ని పట్టుకుని రంగు పరీక్ష పెట్టారా! దేవుడే నీకు పేపరు ముందే లీక్ చేశాడు కదరా. శుక్రవారం స్ప్రే మెషిను తెస్తాను. శనివారం వాళ్ళు కళ్ళు నులుముకుని వచ్చేసరికి కంచె అద్దంలా ఉండాలి. ఇల్లు నీ జేబులో ఉన్నట్టే."

రిమస్ ఎక్కువ చదువుకున్నవాడు కాదు. ఎనిమిదిలోనే బడి మానేసి, మేనమామ వెంట రంగు డబ్బాలు మోశాడు. మాటలతో మెప్పించడం అతనికి ఏ భాషలోనూ రాదు, ఈ భాషలో అసలే రాదు. చేతికి బ్రష్షు ఇస్తే మాత్రం ఎవడి ముందూ తల దించనక్కరలేదు. గింతారస్ మాట అతనికి తలకెక్కింది.

గురువారం సాయంత్రం చప్పుడు లేకుండా కంచె అంతా కడిగాడు. శుక్రవారం పని దిగగానే ఇద్దరూ వ్యాన్‌ని మేడ వెనక్కి తెచ్చి పెట్టారు. లేచిన పాత పెచ్చులు గీకారు. చీలికలు నింపి నున్నగా రుద్దారు. షెడ్డు కిటికీకీ తలుపు గొళ్ళాలకీ టేపు అంటించారు. ఓద్వార్ షెడ్డులో తెచ్చి పెట్టిన ఎర్రమట్టి రంగు డబ్బాల్నే వాడారు. రంగు వడగట్టి మెషిన్లో పోసి, మూల నుంచి మొదలుపెట్టి, ఒకే చేత్తో, ఒకే దూరంలో కొట్టుకుంటూ వచ్చాడు రిమస్. పలకల సందుల్లో గింతారస్ బ్రష్షుతో సరిచేశాడు. ఎక్కడా కారలేదు, ఎక్కడా చుక్క పడలేదు. చెట్ల కింది ఆకులు కూడా ఊడ్చి సంచుల్లో కట్టేశారు. మే నెల కాబట్టి పని అయ్యేదాకా వెలుతురు పోలేదు.

ఆ సాయంత్రం మేడలో అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు. కిటికీల్లో తెరలు కదిలాయి. రెండో అంతస్తులో ఎవరో చేతిలో ప్లేటుతో నిలబడి చూసి వెళ్ళారు. ఓద్వార్ వంటగది లైటు వెలిగింది, ఆరింది. ఎవరూ కిందికి రాలేదు. గూద్రున్ ఒక్కత్తే కిటికీ అద్దం మీద వేళ్ళతో టకటకా కొట్టింది. రిమస్ మాస్కు కిందికి లాగి, మెచ్చుకుంటోంది కాబోలు అనుకుని చెయ్యి ఊపాడు.

"చూశావా, ముసల్ది పడిపోయింది నీకు" అన్నాడు గింతారస్.

శనివారం పొద్దున రిమస్ గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కిందికి దిగాడు. ఒక్కొక్కరే వచ్చారు. అందరివీ చిరుగుల ప్యాంట్లు, రంగు మరకల పాత బూట్లు. పిల్లలు తండ్రుల చొక్కాలు మోకాళ్ళ దాకా వేలాడేసుకుని, తలో బ్రష్షూ పట్టుకుని వచ్చారు. ఒకావిడ గళ్ళ అట్లు పోసే పెనం పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. కాఫీ ఫ్లాస్కులు, జామ్ సీసా వచ్చాయి. గూద్రున్ తన సొంత బ్రష్షుని న్యూస్ పేపర్‌లో చుట్టి, చంకలో పెట్టుకుని, కర్ర పోటేసుకుంటూ వచ్చింది.

అందరూ కంచె ముందు నిలబడ్డారు.

"బాగుంది" అన్నాడు ఓద్వార్.

"చాలా బాగుంది" అంది పెనం ఆవిడ.

రిమస్ మొహం మీది నవ్వు అక్కడే ఉండిపోయింది, దాన్ని ఎలా తీసేయాలో అతనికి తెలియలేదు. ఒకడు ఆకులు ఊడుద్దామని చీపురు తీసుకుని చెట్ల దాకా వెళ్ళి, ఊడ్చడానికేమీ లేక తిరిగొచ్చాడు. ఒక పిల్ల, "నాన్నా, నేనెక్కడ వెయ్యాలి?" అని అడిగింది. తండ్రి, "ఈసారికి లేదులే తల్లీ" అన్నాడు. అట్లు నిలబడే తిన్నారు. పని చేసి తినాల్సిన అట్లు పని చేయకుండా తినడం వాళ్ళకి గొంతు దిగుతున్నట్టు లేదు.

ఓద్వార్ అతన్ని పక్కకి పిలిచాడు. "బిల్లు సంఘం పేర పంపు."

"బిల్లా? బిల్లు ఏమీ లేదు. ఊరికే చేశాను."

"ఊరికే" అన్నాడు ఓద్వార్. డబ్బు అడిగి ఉంటే బాగుండేదన్నట్టు మొహం పెట్టాడు. "అలాగా. సరే. థాంక్స్."

కాఫీ ఫ్లాస్కుల్లో సగం కాఫీ అలాగే ఉండగానే ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. రిమస్ ఒక్కడే మిగిలాడు, అద్దంలాంటి కంచె ముందు.

సాయంత్రం యోలిత ఫోన్ చేసింది.

"బేకరీలో మానేస్తున్నానని చెప్పేశాను" అంది. "ఇంకో పిల్లని పెట్టుకున్నారు కూడా. ఉగ్నె రోజూ నార్వే భాషలో అంకెలు చదువుతోంది, నా బుర్ర తినేస్తోంది. ఇల్లు ఖాయమేగా?"

"ఇప్పుడే ఎందుకు చెప్పావు? ఆగమన్నాను కదా."

"నువ్వు నాలుగేళ్ళ నుంచీ ఆగమంటూనే ఉన్నావు రిమస్. ఖాయమేనా కాదా?"

"చూద్దాం" అన్నాడు. తన నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఉండబట్టలేక కిందికి వెళ్ళి గూద్రున్ తలుపు కొట్టాడు. ఆవిడ గొలుసు తీయకుండానే తలుపు సందులోంచి చూసింది.

"డ్రిల్లు తెచ్చావా?"

"లేదండీ. ఒక మాట అడుగుదామని."

"అండీ ఏమిటి? గూద్రున్ అను. నేనేం రాణీని కాదు." గొలుసు తీసింది. "బూట్లు విప్పు."

వంటగదిలో కూర్చోబెట్టింది. కాఫీ పోయలేదు.

"వాళ్ళంతా నా మీద ఎందుకు కోపంగా ఉన్నారు? నేనేం తప్పు చేశాను? రంగు బాగా లేదా?"

"రంగుకేం, దివ్యంగా ఉంది. అరవై ఏళ్ళ నుంచీ ఆ కంచె అంత అందంగా ఎప్పుడూ లేదు. నేను అద్దం కొడితే చెయ్యి ఊపావేమిటి, పెళ్ళికొడుకులా? ఆపమని కొట్టాను."

రిమస్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇటు చూడు. నా ఎదురింటివాడి పేరు కూడా నాకు తెలీదు. ఓద్వార్ నాతో నోరు విప్పి మాట్లాడేది ఏడాదికి రెండేసార్లు. ఆకులు రాలినప్పుడు చీపురు పట్టుకుని ఒకసారి, వసంతంలో బ్రష్షు పట్టుకుని ఒకసారి. మిగతా ఏడాదంతా మెట్ల మీద తలాడించి వెళ్ళిపోతాడు. మేమంతా అంతే, నేనూ అంతే. చేతిలో పని లేకుండా పక్కమనిషితో మాట్లాడ్డం మాకు చేతకాదు. ఆ పని నువ్వు పట్టుకుపోయావు."

"నేను సాయం చేద్దామని..."

"సాయం ఎవరడిగారయ్యా? నీకు తెలుసా, జనం ఏమనుకుంటున్నారో? ఒకప్పుడు రెండో అంతస్తులో డబ్బున్న కుర్రాళ్ళు ఉండేవాళ్ళు, దుగ్నాద్‌కి రాకుండా కూలివాణ్ణి పంపించేవాళ్ళు. వాళ్ళనీ ఇలాగే అనుకున్నాం. మాతో కూర్చోవడం ఇష్టంలేక పని పారేసి పోయారు అని."

"నాకు కూర్చోవాలనే ఉంది! ఏడాది కాదు, పదేళ్ళు కూర్చుంటాను!" రిమస్ గొంతు పెరిగింది. వెంటనే ఆదివారమని గుర్తొచ్చి తగ్గించాడు. "ఇప్పుడేం చెయ్యను? వేసిన రంగు వెనక్కి తీయలేను కదా."

"ఎన్నాళ్ళుంటుంది అది?"

"పదేళ్ళు. నేను వేసింది కదా."

"అదే కదా నీ ఖర్మ" అంది గూద్రున్. లేచి, అతని బూట్లు కర్రతో గుమ్మం వైపు జరిపింది.

ఆ మాట అతన్ని వదల్లేదు. సోమవారం పని చేస్తున్నంతసేపూ అదే తిరిగింది బుర్రలో. ఇంటికొచ్చి, బట్టలైనా మార్చకుండా ఓద్వార్ ఇంటి గంట నొక్కాడు.

"కంచెకి రెండో కోటింగు కావాలి" అన్నాడు గుమ్మంలోనే.

"రెండో కోటింగా? ఎందుకు?"

"నేను వేసింది పల్చగా పడింది. మెషిన్‌తో కొట్టకుండా ఉండాల్సింది. చెక్క పీల్చుకోలేదు. చలికాలం రాగానే పొరలు పొరలుగా లేస్తుంది."

ఓద్వార్ చెప్పులేసుకుని అతనితో పాటు మేడ వెనక్కి వచ్చాడు. కంచె మీద వేలు పెట్టి రాశాడు. కళ్ళజోడు పైకెత్తి, ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు.

"నాకేం లోటు కనిపించడం లేదే."

"కనిపించదు. నాకు తెలుస్తుంది." మేనమామ బతికుంటే ఆ మాటకి ఇక్కడికిక్కడే చెంప పగలగొట్టేవాడు. "పొరపాటు నాది. మంచిగా పని చేయలేదు. చేత్తో బ్రష్షు పట్టి వెయ్యాలి. నేనొక్కణ్ణీ వేయలేను. అందరూ రావాలి."

ఓద్వార్ కళ్ళజోడు కిందికి దించాడు. నమ్మాడో, నమ్మినట్టు ఊరుకున్నాడో రిమస్‌కి తెలియలేదు. కానీ ఆ వంగిన భుజాలు కాస్త లేచాయి. బడిలో లెక్క తప్పిన కుర్రాణ్ణి చూసిన మాస్టారికి వచ్చే ఉత్సాహం లాంటిది మొహంలో కనిపించింది.

"అరెరే. అంత అనుభవం ఉండి కూడానా?" అన్నాడు. "పోన్లే, ఎవరికైనా జరుగుతుంది. శనివారం పిలుద్దాం అందర్నీ."

ఆ శనివారం అందరూ వచ్చారు. పోయినసారి రానివాళ్ళు కూడా వచ్చారు. పెయింటర్ వేసిన రంగు పనికిరాకుండా పోయిందంటే చూడాలని ఎవరికుండదు? రిమస్ కూడా చిరుగుల ప్యాంటు వేసుకున్నాడు. బ్యాంకులో పనిచేసే ఒకాయన బ్రష్షుని మెడ దాకా రంగులో ముంచి, పైనుంచి కిందికి కాక కింది నుంచి పైకి లాగాడు. రంగు మోచేతి దాకా కారింది. పిల్లలు చేతికందినంత మేరే వేశారు. నున్నటి పలకల మీద బ్రష్షు వెంట్రుకలు అంటుకున్నాయి, బొట్లు బొట్లుగా జారి గడ్డకట్టాయి.

"రిమస్, ఇటు రా, చూసి నేర్చుకో!" అని అరిచాడు బ్యాంకాయన. "చెక్కకి ఇలా దండిగా పట్టించాలి!"

"మెషిన్ కొనుక్కుంటే పెయింటర్ అయిపోతారనుకుంటారు" అంది పెనం ఆవిడ. అందరూ నవ్వారు. నవ్వులో పగ లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. ఓద్వార్ అతని చేతికి అట్టు ఇచ్చి, వీపు మీద చరిచి, పేరు పెట్టి పిలిచి, షౌలేలో చలి ఎంత ఉంటుందని అడిగాడు. ఉగ్నె ఏ తరగతి అని అడిగాడు. గూద్రున్ ఎదురింటాయన ఆవిడ పక్కనే నేలమీద కూర్చుని కంచె అడుగు పలకకి రంగు వేస్తూ, తన భార్య ఆపరేషను గురించి చెబుతున్నాడు. గూద్రున్ బ్రష్షు ఆపకుండా వింటోంది.

రిమస్ కంటి ముందే ఒక పెద్ద బొట్టు పలక మీద జారుతోంది. ఒక్క వేటుతో లాగేస్తే పోతుంది. చెయ్యి లేచింది. దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

గురువారం సమావేశం అయింది. మెట్ల మీద ఓద్వార్ ఎదురై, "ఇంకో ఏడాది" అన్నాడు. "పిల్లకి వానబూట్లు కొను, బడిలో వానొచ్చినా బయటే తిప్పుతారు."

యోలిత ఫోన్లో ఏడ్చింది, నవ్వింది. "ఎలా ఒప్పించావు?" అని అడిగింది. కలిసి పనిచేశాం అన్నాడు, అంతకంటే చెప్పలేదు.

జూన్ మొదటి వారంలో పనిలో బాసు అతన్ని ఆఫీసు గదిలోకి పిలిచాడు. రేవు ఒడ్డున నూటయాభై ఏళ్ళ నాటి ఓడ కెప్టెన్ ఇల్లు ఒకటి ఉంది. మొత్తం చెక్క, చెక్కడాల వసారా. ఆ పని రిమస్‌దేనని చలికాలం నుంచీ అనుకుంటూ ఉన్నారు. రెండేళ్ళుగా అటు వెళ్ళినప్పుడల్లా అతను ఆ వసారా ముందు ఆగి, ఏ మూల నుంచి మొదలుపెట్టాలో మనసులో వేసుకునేవాడు.

"అది గింతారస్‌కి ఇస్తున్నాను" అన్నాడు బాసు, కంప్యూటర్‌లోంచి తల ఎత్తకుండా. "మీ మేడ వెనక కంచె సంగతి విన్నాను. వారం తిరిగేసరికి మళ్ళీ వేయాల్సి వచ్చిందటగా. నువ్వే ఒప్పుకున్నావట. చిన్న ఊరు కదా రిమస్, ఆ ఇంటివాళ్ళకి కూడా తెలిసింది. నువ్వు ఈ వేసవికి ఆసుపత్రి నేలమాళిగల సీలింగులు చూసుకో. రోలరు పనే."

రిమస్ నోరు తెరిచాడు. కంచె బాగుంది అని చెప్పాలి. చెబితే, అది ఓద్వార్ దాకా వెళ్ళడానికి ఒక్క కాఫీ చాలు. అందర్నీ పిలిచి, అబద్ధమాడి, పిల్లలాట ఆడించాడని తెలుస్తుంది. ఇంకో ఏడాది అన్న నోళ్ళే మళ్ళీ చూద్దాం అంటాయి.

"సరే" అన్నాడు.

బయట వ్యాన్ దగ్గర గింతారస్ నిచ్చెన కడుతున్నాడు. అతన్ని చూసి తాడు ముడి మీదే చూపు పెట్టుకున్నాడు.

"ఆ కంచె నువ్వూ నేనూ కలిసే వేశాం" అన్నాడు రిమస్.

"కాదన్నానా?"

"నీకు తెలుసు అదెలా ఉందో."

"తెలుసు. ఊళ్ళో అంత మంచి కంచె లేదు." గింతారస్ ముడి బిగించి అప్పుడు తల ఎత్తాడు. "బాసుకి చెప్పమంటావా? ఇప్పుడే లోపలికెళ్ళి చెబుతాను. నా పెళ్ళాం మీద ఒట్టు. నువ్వు ఊఁ అను చాలు."

అనలేడని వాడికి తెలుసు. తెలిసే అడుగుతున్నాడు. వాడి కళ్ళల్లో సిగ్గు కూడా ఉంది, కానీ పని వదులుకునేంత సిగ్గు కాదు.

రిమస్ సీలింగుకి వేసే తెల్ల రంగు డబ్బాలు రెండు చేతుల్లో రెండు పట్టుకుని, ఇంకో వ్యాన్ వైపు నడిచాడు.

"వసారా చెక్కడాలకి ముందు ఏ బ్రష్షు వాడాలి?" అని వెనక నుంచి అడిగాడు గింతారస్. "నువ్వేదో అనుకున్నావు కదా?"

రిమస్ ఆగాడు. డబ్బాలు కింద పెట్టకుండానే, తల తిప్పకుండానే, ఏ బ్రష్షో చెప్పాడు.